ఒక్క తాళం దగ్గర ఆగిన 64 కోర్లు: ఈఎక్స్‌టీ4లో ఆర్ఫన్ జాబితా చిక్కు ఎలా విడింది

రుషికొండ ఐటీ హిల్స్ మీద ఒక ఆఫీసులో బిల్డ్ సర్వర్ మార్చారనుకుందాం. పాతదానికి 16 కోర్లు, కొత్తదానికి 64. డిస్కు కూడా వేగమైన ఎన్‌వీఎంఈ. కంపైల్ దశ బాగానే వేగం పుంజుకుంది. చివర్లో లక్షల తాత్కాలిక ఫైళ్లను తుడిచేసే దశ మాత్రం కదలదు. 64 థ్రెడ్లు (ఒకేసారి నడిచే పని పాయలు) పెడితే పట్టే సమయం కంటే 16 పెడితేనే తొందరగా ముగుస్తోంది. సీపీయూ వాడకం చూపే టాప్ కమాండ్‌లో చూస్తే కోర్లన్నీ పనిలో ఉన్నట్టే ఉంటాయి. కానీ ఆ సమయమంతా యూజర్ ఖాతాలో కాదు, సిస్టమ్ ఖాతాలో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్ పనిలో, పడుతోంది. డిస్కు దాదాపు ఖాళీగా ఉంది.

ఇలాంటప్పుడు డిస్కు మార్చినా, ర్యామ్ పెంచినా డబ్బు దండగే. విశాఖ ఇన్నర్ హార్బర్ చూసినవాళ్లకి ఈ పరిస్థితి కొత్త కాదు. లోపల బెర్తులు ఎన్ని ఉన్నా ఓడ డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న సన్నటి మార్గం గుండానే లోపలికి రావాలి. ఇంకో పది బెర్తులు కట్టినంత మాత్రాన ఆ మార్గం వెడల్పు పెరగదు. కెర్నెల్లో ఆ సన్నటి మార్గమే లాక్, అంటే ఒక్కసారి ఒక్కరినే లోపలికి పంపే తాళం.

లెక్క కూడా కఠినంగానే ఉంటుంది. పనిలో 5 శాతం ఒకరి తర్వాత ఒకరు చేయాల్సిందే అయితే, 64 కోర్లతో వచ్చే వేగం 15 రెట్లకు కాస్త పైన ఆగిపోతుంది. కోర్లు ఎన్ని పెంచినా 20 రెట్లు దాటదు. ఆమ్డాల్ సూత్రం చెప్పేది ఇదే. నిజానికి కెర్నెల్లో ఇంకా అన్యాయం జరుగుతుంది, ఎందుకంటే లాక్ ఉన్న 64 బైట్ల క్యాష్ లైన్ (కోర్ తన దగ్గరికి ఒక్కసారిగా తెచ్చుకునే మెమరీ ముక్క) ఒక కోర్ నుంచి మరో కోర్‌కు ప్రయాణించాలి. కోర్లు పెరిగేకొద్దీ ఆ ప్రయాణాలు పెరుగుతాయి, వేరే సాకెట్‌లో (వేరే ప్రాసెసర్ చిప్‌లో) ఉన్న కోర్‌కైతే దూరమూ ఎక్కువే. అందుకే వేగం ఒకచోట నిలిచిపోవడంతో ఆగదు, వెనక్కి జారుతుంది. 64 థ్రెడ్లు 16 కంటే నెమ్మదించడానికి కారణం ఇదే.

డిస్కు మీద ఫైళ్లను అమర్చి చూసుకునే లైనక్స్ ఫైల్‌సిస్టమ్ కోడ్ ఇలాంటి తాళాలను ఒక్కొక్కటిగా వదిలించుకుంటూ వచ్చింది. 1996లో కెర్నెల్ 2.0తో వచ్చిన బిగ్ కెర్నెల్ లాక్ 2011లో 2.6.39తో పూర్తిగా పోయింది. పేర్లు వెతికే డెంట్రీ క్యాష్ మొత్తాన్ని కాపలా కాసిన ఒకే స్పిన్‌లాక్ (దొరికేదాకా కోర్ తిరుగుతూ ఎదురుచూసే తాళం), కెర్నెల్ డెవలపర్ నిక్ పిగ్గిన్ చేసిన పనితో, అదే ఏడాది మార్చిలో 2.6.38లో తొలగింది. 2016లో 4.7 వచ్చాక ఒకే డైరెక్టరీలో అనేక పేర్లను ఏకకాలంలో వెతకడం కుదిరింది. ఇవన్నీ పెద్ద విజయాలే, కానీ మన బిల్డ్ సర్వర్ ఇరుక్కున్నది వీటిలో దేంట్లోనూ కాదు. లైనక్స్ ఫైల్‌సిస్టమ్‌లలో ఒకటైన ఈఎక్స్‌టీ4 సొంత ఇంట్లో, బయటివాళ్లు పెద్దగా పట్టించుకోని ఒక మూల ఉంది. దాని పేరు ఆర్ఫన్ జాబితా.

పేరు పోయినా ప్రాణం పోని ఫైల్

ఒక ప్రోగ్రామ్ ఫైల్ తెరిచి వాడుతుండగా మరొకరు దాన్ని డిలీట్ చేశారు. డైరెక్టరీలో పేరు పోతుంది, లింకుల సంఖ్య సున్నా అవుతుంది. ఫైల్ ఇంకా తెరిచి ఉంది కాబట్టి ఐనోడ్ (ఫైల్ వివరాలుండే రికార్డు), దాని బ్లాకులు మాత్రం అలాగే ఉండాలి. ఆ క్షణంలో కరెంటు పోతే ఆ ఐనోడ్‌కు పేరు లేదు, తిరిగి చేరుకునే దారి లేదు, కానీ డిస్కు మీద జాగా ఆక్రమించి ఉంది. అనాథ అన్నమాట.

పెద్ద ఫైల్‌ను ట్రంకేట్ చేసేటప్పుడూ, అంటే కత్తిరించి చిన్నది చేసేటప్పుడూ, ఇదే ముప్పు ఉంటుంది. బ్లాకులన్నీ ఒకే జర్నల్ ట్రాన్సాక్షన్‌లో (క్రాష్ అయినా చెడకుండా ముందే చిట్టాలో రాసుకునే మార్పుల మూటలో) వదలడం కుదరకపోతే పని ముక్కలవుతుంది, మధ్యలో మెషిన్ ఆగితే సగం పని మిగిలిపోతుంది. అందుకే ఈఎక్స్‌టీ4 పని మొదలుపెట్టే ముందే ఆ ఐనోడ్ నంబరును డిస్కు మీద ఒక జాబితాలో రాసుకుంటుంది, పని ముగిశాక కొట్టేస్తుంది. క్రాష్ తర్వాత మౌంట్ చేసినప్పుడు ఆ జాబితా చదివి, లింకులు లేనివాటిని తుడిచేస్తుంది, లింకులున్నవాటి ట్రంకేట్‌ను పూర్తి చేస్తుంది. మౌంట్ సమయంలో కెర్నెల్ లాగ్‌లో ఇన్ని ఆర్ఫన్ ఐనోడ్లు తొలగించాం, ఇన్ని ట్రంకేట్లు సరిచేశాం అని కనిపించే వరుసలు ఈ పని ఫలితమే.

తాత్కాలిక ఫైళ్లను ఓ_టీఎంపీఫైల్ పద్ధతిలో, అంటే పేరే పెట్టకుండా, సృష్టించే ప్రోగ్రాములైతే ఫైల్ పుట్టగానే ఈ జాబితాలోకి చేరుస్తాయి. మెయిల్ క్యూలు, కంపైలర్లు, సార్టింగ్ కోసం డిస్కు వాడే డేటాబేస్‌లు, గంటకు వందల కంటైనర్లు లేపి కూల్చే సర్వర్లు, అన్నీ దీనికి భారం వేసేవే. ఒక డిలీట్‌కు జాబితాతో రెండుసార్లు పని పడుతుంది, చేర్చడానికి ఒకసారి, తీయడానికి ఒకసారి. లక్ష ఫైళ్లు తుడిస్తే రెండు లక్షల సార్లు.

జాబితా ఆకారంలోనే ఉన్న ఇబ్బంది

పాత పద్ధతిలో ఇది డిస్కు మీద ఉండే లింక్డ్ లిస్ట్, అంటే ఒక్కొక్కటీ తర్వాతిదాన్ని చూపే గొలుసు. తల సూపర్‌బ్లాక్‌లో, అంటే మొత్తం ఫైల్‌సిస్టమ్ వివరాలుండే బ్లాకులో, ఉంటుంది. ప్రతి ఐనోడ్ తన తర్వాతివాడి నంబరును ‘తొలగించిన సమయం’ అనే గడిలో దాచుకుంటుంది. బతికున్న ఐనోడ్‌కు ఆ గడితో పనుండదు కాబట్టి దాన్ని తెలివిగా వాడుకున్నారు. అదనంగా ఒక్క బైటు కూడా ఖర్చు లేదు. 1, 2 సీపీయూల రోజుల్లో ఇది చక్కని ఏర్పాటు.

దగ్గరగా చూద్దాం. మూడు వేర్వేరు ప్రాసెస్‌లు క, ఖ, గ అనే ఫైళ్లను వరుసగా డిలీట్ చేశాయి. కొత్తది ఎప్పుడూ తల దగ్గరే చేరుతుంది కాబట్టి గొలుసు సూపర్‌బ్లాక్ → గ → ఖ → క అని ఉంటుంది. ఇప్పుడు ఖ పని ముందుగా ముగిసింది. దాన్ని గొలుసులోంచి తీయాలంటే గ అనే ఐనోడ్‌లోని గడిని మార్చి క నంబరు రాయాలి. ఖ డిలీట్ చేసిన ప్రాసెస్‌కు గ తో ఏ సంబంధమూ లేదు, అయినా దాని ఐనోడ్ ఉన్న బ్లాకును జర్నల్‌లోకి తీసుకుని రాయక తప్పదు. తీసేది తల దగ్గరి ఐనోడ్ అయితే సూపర్‌బ్లాక్ మారాలి. చేర్చినప్పుడల్లా సూపర్‌బ్లాక్ ఎలాగూ మారుతుంది.

అంటే పక్కవాడెవరో, వాడు ఈ క్షణాన మారుతున్నాడో లేదో తెలియకుండా ఏ పనీ జరగదు. అందుకే మొత్తం ఫైల్‌సిస్టమ్‌కు ఒకే మ్యూటెక్స్ (దొరకకపోతే నిద్రపోయి ఎదురుచూసే తాళం), ఎస్_ఆర్ఫన్_లాక్. 2014లో 3.16 కెర్నెల్ సమయానికి కెర్నెల్ డెవలపర్ యాన్ కారా ఈ లాక్ పట్టుకుని ఉండే సమయాన్ని తగ్గించారు. అవసరం లేని సందర్భాల్లో లాక్ జోలికే వెళ్లకుండా, అవసరమైనప్పుడు వీలైనంత పనిని లాక్ బయటకు జరిపి. మేలు జరిగింది, కానీ తాళం ఒక్కటే అన్న మాట మారలేదు.

గొలుసును పది గొలుసులుగా విడగొట్టవచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది. పది తలలు పెట్టాలంటే డిస్కు ఫార్మాట్ ఎలాగూ మారాలి. ఆ తలలన్నీ మళ్లీ సూపర్‌బ్లాక్‌లోనే ఉంటే అందరూ అదే బఫర్ మీద పడతారు. పక్క ఐనోడ్‌ను తాకాల్సిన దరిద్రం అప్పటికీ పోదు. నా ఉద్దేశంలో ఈ కథలో ముఖ్యమైన మలుపు ఇక్కడే ఉంది. దోషం తాళానిది కాదు. తాళం కాపలా కాస్తున్న వస్తువు ఆకారానిది. మ్యూటెక్స్ బదులు స్పిన్‌లాక్ పెట్టినా, ఇంకా మెరుగైన క్యూ లాక్ పెట్టినా ఆ గొలుసు గొలుసుగానే ఉంటుంది.

గొలుసు బదులు గళ్ల పలక

2021 అక్టోబరు ఆఖరున వచ్చిన కెర్నెల్ 5.15లో యాన్ కారా కొత్త ఏర్పాటు చేర్చారు. దాని పేరు ఆర్ఫన్ ఫైల్. ఫైల్‌సిస్టమ్‌లో దాచి ఉంచిన ఒక ప్రత్యేక ఫైల్ ఇది. ఏ డైరెక్టరీలోనూ కనిపించదు, దాని ఐనోడ్ నంబరు సూపర్‌బ్లాక్‌లో ఉంటుంది. ప్రతి బ్లాకు 32 బిట్ల గళ్ల వరుస. ఖాళీ గడిలో సున్నా ఉంటుంది, నిండిన గడిలో ఐనోడ్ నంబరు ఉంటుంది. 4096 బైట్ల బ్లాకులో చివరి 8 బైట్లు గుర్తింపు సంఖ్యకూ చెక్‌సమ్‌కూ (బ్లాకు పాడైతే పట్టిచ్చే అంకెకూ) పోగా 1022 గళ్లు మిగులుతాయి. గడికి పక్క గడితో సంబంధం లేదు. ఖ ను తీయాలంటే ఖ గడిలో సున్నా రాస్తే చాలు. గ ఎవరో తెలియనక్కర్లేదు.

ముందు దీన్ని ఒక స్పిన్‌లాక్‌తోనే కట్టారు, తర్వాతి ప్యాచ్‌లో ఆ లాక్‌నూ తీసేశారు. రెండు అడుగుల్లో చేయడం మంచి పద్ధతి. ఏదైనా పాడైతే తప్పు ఆకారంలో ఉందా, లాక్ తీసేయడంలో ఉందా అని విడిగా చూడవచ్చు.

లాక్ లేకుండా గడి పట్టుకోవడం ఇలా. ప్రతి బ్లాకుకూ మెమరీలో ‘ఎన్ని ఖాళీలు’ అనే అటామిక్ (మార్చేటప్పుడు మధ్యలో ఇంకెవరూ దూరలేని) లెక్క ఉంటుంది. కోర్ ముందుగా ఆ లెక్కను, సున్నా కంటే ఎక్కువ ఉంటేనే, ఒకటి తగ్గిస్తుంది. తగ్గించగలిగిందంటే ఈ బ్లాకులో తనకంటూ ఒక గడి ఖాయమైనట్టు. ఏ గడి అన్నది ఇంకా తేలలేదు. విశాఖ స్టేషన్‌లో టికెట్ కన్ఫర్మ్ అయి, బెర్తు నంబరు తర్వాత పడినట్టు. ఆ తర్వాత బ్లాకులో సున్నా ఉన్న గడి వెతికి కంపేర్ అండ్ ఎక్స్‌ఛేంజ్ చేస్తుంది. ‘ఇక్కడ ఇంకా సున్నాయే ఉంటే నా నంబరు రాయి, లేకపోతే తాకకు’ అని ఒకే సూచన. ఈలోపు మరో కోర్ ఆ గడి పట్టేస్తే తర్వాతి గడికి పోతుంది.

తీసేటప్పుడు వరుస తిరగబడుతుంది. ముందు గడిలో సున్నా, ఆ తర్వాతే ఖాళీల లెక్క ఒకటి పెంచడం. ఇది మారిస్తే ఏమవుతుందో చూడండి. లెక్క ముందే పెంచితే మరో కోర్ దాన్ని నమ్మి లోపలికి వస్తుంది, గళ్లన్నీ నిండి ఉంటాయి, లేని గడి కోసం తిరుగుతుంది. వరుస సరిగ్గా ఉన్నా, గళ్లు వేగంగా నిండుతూ ఖాళీ అవుతూ ఉంటే, లేదా బ్లాకు పాడై ఉంటే, వెతుకులాట తెగకపోయే ప్రమాదం ఉంది. అందుకని బ్లాకును కొన్ని చుట్లు చుట్టినా గడి దొరకకపోతే, తగ్గించిన లెక్కను తిరిగి పెంచేసి, పాత గొలుసునే ఆశ్రయిస్తుంది. పాత గొలుసు అలాగే ఉంచడం వల్లే ఈ డిజైన్ నమ్మదగింది. ఆర్ఫన్ ఫైల్ నిండిపోతే డిలీట్ విఫలం కాదు, నెమ్మదిస్తుంది, అంతే.

64 కోర్లూ మొదటి బ్లాకు దగ్గరే వెతకడం మొదలుపెడితే లాక్ లేకపోయినా అదే క్యాష్ లైన్ మీద కొట్టుకుంటాయి. దానికి ఉపాయం ఒకే వరుస లెక్క. సీపీయూ నంబరును 13తో గుణించి, బ్లాకుల సంఖ్యతో భాగించి, శేషం దగ్గర మొదలుపెట్టడం. 32 బ్లాకులున్నాయనుకుంటే సీపీయూ 0 బ్లాకు 0 దగ్గర, సీపీయూ 1 బ్లాకు 13 దగ్గర, సీపీయూ 2 బ్లాకు 26 దగ్గర, సీపీయూ 3 (39 నుంచి 32 తీసేయగా) బ్లాకు 7 దగ్గర మొదలుపెడతాయి. 13కూ 32కూ ఉమ్మడి భాజకం లేదు కాబట్టి మొదటి 32 సీపీయూలకు 32 వేర్వేరు బ్లాకులు దక్కుతాయి. పక్కపక్క సీపీయూలు దూరదూరంగా పడతాయి, వాటి ఖాళీల లెక్కలు కూడా ఒకే క్యాష్ లైన్‌లో ఇరుక్కోవు.

ఇంకొక్క చిక్కు మిగిలింది, చెక్‌సమ్. అది బ్లాకు మొత్తానికి ఒకటే. గడి మార్చిన ప్రతి కోర్ వెంటనే చెక్‌సమ్ లెక్కిస్తే, రెండు కోర్లు ఒకేసారి లెక్కించి ఒకదాని ఫలితాన్ని ఒకటి చెరిపేస్తాయి. దాన్ని ఆపాలంటే మళ్లీ లాక్ కావాలి. పరిష్కారం వాయిదా వేయడం. కోర్లు గళ్లు మాత్రమే మారుస్తాయి. జర్నల్ ఆ ట్రాన్సాక్షన్‌ను కమిట్ చేసేటప్పటికి అందులో పాల్గొన్న మార్పులన్నీ ముగిసి బ్లాకు స్థిరంగా ఉంటుంది, అప్పుడు జర్నల్ కోడ్ ఒక ట్రిగ్గర్‌ను పిలిచి చెక్‌సమ్ ఒక్కసారి లెక్కిస్తుంది. వేల మార్పులకు ఒకే లెక్క. అందులో బ్లాకు నంబరునూ కలుపుతారు కాబట్టి బ్లాకు తప్పు చోట రాసుకుపోయినా పట్టుబడుతుంది. లాక్ తీసేసే పనిలో ఎక్కువమంది మర్చిపోయే భాగం ఇలాంటిదే. ప్రధాన డేటాను విడదీస్తారు, దానికి తగిలించి ఉన్న ఉమ్మడి లెక్కను మర్చిపోతారు.

మీ సర్వర్‌లో ఇదేనా అని తేల్చుకోవడం

ఊహించి మార్చవద్దు. పని నడుస్తుండగా, సమయం ఏ ఫంక్షన్‌లో పోతోందో కొలిచే పెర్ఫ్ రికార్డ్‌ను అన్ని సీపీయూల మీద, కాల్ గ్రాఫ్‌తో, 30 సెకన్లు నడపండి. ఆర్ఫన్ లాక్ మ్యూటెక్స్ అయినా, వేచి ఉన్న కోర్ వెంటనే నిద్రపోదు. యజమాని పరిగెడుతుంటే కాసేపు తిరుగుతూ చూస్తుంది. అందుకే ప్రొఫైల్‌లో ఓఎస్‌క్యూ_లాక్, మ్యూటెక్స్_స్పిన్_ఆన్_ఓనర్ పైన కనిపిస్తాయి. వాటిని పిలిచింది ఈఎక్స్‌టీ4_ఆర్ఫన్_యాడ్, ఈఎక్స్‌టీ4_ఆర్ఫన్_డెల్ అయితే రోగం దొరికినట్టే. పిలిచింది వేరే ఫంక్షన్ అయితే ఈ మందు పనిచేయదు. కొత్త పెర్ఫ్‌లో ఉన్న లాక్ కంటెన్షన్ ఉపకమాండ్ వేచి ఉన్న సమయాన్ని లాక్‌ల వారీగా చూపిస్తుంది, అది ఇంకా సూటి.

చిన్న పరీక్ష కూడా రాసుకోండి. ప్రతి థ్రెడ్‌కూ సొంత డైరెక్టరీ, సొంత ఫైల్, ఆ ఫైల్‌ను ఒక్కొక్క బైటు చొప్పున ట్రంకేట్ చేయడం. 1, 2, 4, 8 అని 64 దాకా పెంచుతూ, ప్రతిదాన్నీ ఐదుసార్లు కొలవండి. అదే పరీక్షను మెమరీలోనే ఉండే టీఎంపీఎఫ్ఎస్ మీద నడపండి. అక్కడా వేగం పడిపోతే దోషం ఈఎక్స్‌టీ4ది కాదు, పైన ఉన్న వీఎఫ్ఎస్‌ది, అంటే అన్ని ఫైల్‌సిస్టమ్‌లకూ ఉమ్మడిగా ఉన్న పొరది. కొలిచేటప్పుడు సీపీయూ గవర్నర్‌ను పెర్ఫార్మెన్స్‌లో ఉంచకపోతే అంకెలు నమ్మలేం.

ఆర్ఫన్ ఫైల్ ఉందో లేదో డంప్‌ఈ2ఎఫ్ఎస్ కమాండ్ చెబుతుంది. ఫీచర్ల వరుసలో ఆర్ఫన్_ఫైల్ అని, కింద దాని ఐనోడ్ నంబరు ఉంటాయి. 2023 ఫిబ్రవరిలో వచ్చిన ఈఎక్స్‌టీ4 టూల్స్ మూట ఈ2ఎఫ్ఎస్‌ప్రోగ్స్ 1.47.0 నుంచి కొత్తగా ఫార్మాట్ చేస్తే ఇది డిఫాల్ట్‌గానే వస్తుంది, కొన్ని డిస్ట్రిబ్యూషన్లు ఆ డిఫాల్ట్‌ను మార్చుకున్నాయి. పాత ఫైల్‌సిస్టమ్‌కు చేర్చాలంటే అన్‌మౌంట్ చేసి, ఫైల్‌సిస్టమ్‌ను తనిఖీ చేసే ఈ2ఎఫ్ఎస్‌సీకే పూర్తిగా నడిపి, ట్యూన్2ఎఫ్ఎస్ పెద్ద ‘ఓ’ ఆప్షన్‌తో ఆ ఫీచర్ ఇవ్వాలి. పరిమాణం ఆర్ఫన్_ఫైల్_సైజ్ అనే అదనపు ఆప్షన్‌తో చెప్పవచ్చు. సీపీయూకు కొన్ని బ్లాకుల చొప్పున ఉంచడం మంచిదని మాన్యువల్ సలహా. 64 కోర్లకు తలా 4 చొప్పున 256 బ్లాకులు, అంటే 1 ఎంబీ. మౌంట్ చేసినప్పుడు ఈ బ్లాకులన్నీ మెమరీలోకి వస్తాయి, 1 ఎంబీకి బాధపడాల్సిన పని లేదు. ఇందులో 2,61,632 గళ్లు పడతాయి.

అంత పలక కూడా నిండే మార్గం ఒకటి ఉంది. లక్షల ఫైళ్లను డిలీట్ చేసి, తెరిచే ఉంచే ప్రోగ్రామ్. తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ఎల్ఎస్‌ఓఎఫ్‌ను ‘ప్లస్ ఎల్1’ ఆప్షన్‌తో నడిపితే పేరు పోయినా తెరిచి ఉన్న ఫైళ్లు కనిపిస్తాయి. ఆ సంఖ్య రోజురోజుకీ పెరుగుతుంటే సరిచేయాల్సింది కెర్నెల్‌ను కాదు, ఆ ప్రోగ్రామ్‌ను.

పాత టూల్స్‌తో జాగ్రత్త. ఉబుంటు 24.04లో ఫార్మాట్ చేసిన డిస్కును 22.04 మెషిన్‌కు తగిలించి ఈ2ఎఫ్ఎస్‌సీకే నడిపితే ఫీచర్_సీ12 తెలియదని ఆగిపోతుంది. 22.04లో ఉన్నది ఈ2ఎఫ్ఎస్‌ప్రోగ్స్ 1.46.5, దానికి ఆర్ఫన్ ఫైల్ పేరు తెలియదు, 12వ బిట్ అని మాత్రమే చెప్పగలదు. డిస్కు పాడైందని కంగారుపడి ఫార్మాట్ చేసేయవద్దు. కొత్త ఈ2ఎఫ్ఎస్‌ప్రోగ్స్ ఉన్న మెషిన్‌లో చెక్ చేయండి. శుభ్రంగా అన్‌మౌంట్ అయిన డిస్కు విషయంలో ఆర్ఫన్ ఫైల్ ఉండటం పాత కెర్నెల్‌కు అభ్యంతరం కాదు. కానీ వాడుకలో ఉండగా క్రాష్ అయితే ఆర్ఫన్_ప్రెజెంట్ అనే మరో గుర్తు మిగిలిపోతుంది, అప్పుడు 5.15 కంటే పాత కెర్నెల్ ఆ ఫైల్‌సిస్టమ్‌ను రాయడానికి మౌంట్ చేయనివ్వదు, చదవడానికి మాత్రమే ఒప్పుకుంటుంది. రెస్క్యూ పెన్‌డ్రైవ్ పాతదై ఉంటే ఈ రోజే కొత్తది చేసి పెట్టుకోండి.

ఆర్ఫన్ లాక్ తీసేశాక ప్రొఫైల్ మళ్లీ చూడండి, వరుసలో తర్వాతిది పైకి వచ్చి ఉంటుంది. బిల్డ్ సర్వర్లలో అది తరచుగా డైరెక్టరీ లాక్. ఒక డైరెక్టరీలో పేరు తీసేయాలంటే ఆ డైరెక్టరీ ఐనోడ్ లాక్‌ను రాసే హోదాలో పట్టుకోవాలి, ఒక్కసారి ఒక్కరే. 64 థ్రెడ్లూ ఒకే టెంప్ డైరెక్టరీలో తుడుస్తుంటే ఆర్ఫన్ ఫైల్ ఎంత పెద్దదైనా తేడా కనిపించదు. దీనికి కెర్నెల్ మార్పు అక్కర్లేదు. థ్రెడ్‌కో ఉపడైరెక్టరీ ఇచ్చి, తుడిచేటప్పుడు కూడా అదే విభజనలో తుడిస్తే సరిపోతుంది. ఆ తర్వాత పైకి వచ్చేది సాధారణంగా జర్నల్. అక్కడ ప్రతి ఫైల్‌కూ ఎఫ్‌సింక్ (డేటా వెంటనే డిస్కుకు చేరాలని అడిగే పిలుపు) పిలుస్తున్న ప్రోగ్రామ్ ఏదో ముందు వెతకండి.